క్యాన్వాస్ మీద దిద్దుతున్న పిల్ల

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. రెండు నెలలుగా ఫోన్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన తోట, చెరువు, వంతెన బొమ్మ పెట్టుకుని ఆయిల్ రంగుల్లో మళ్లీ మళ్లీ కాపీ కొడుతోంది. బీఎఫ్ఏ (చిత్రకళల డిగ్రీ) చేస్తానంటోంది. సొంతంగా ఒక్క బొమ్మా వేయని పిల్లకు అది పనికొస్తుందా, బీడెస్ (డిజైన్ డిగ్రీ) మేలా? ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయ్యేదాకా రంగులు బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు ఫొటోలు పంపుతున్నాను.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, మన ఇళ్లలో 'కాపీ కొట్టడం' అంటే పరీక్ష హాల్లో పట్టుబడటమే గుర్తొస్తుంది. మీ అమ్మాయి చేస్తున్నది దిద్దడం. చిన్నప్పుడు మీరు పలక మీద రాసిచ్చిన 'అ' మీదే వందసార్లు దిద్దింది కదా, అప్పుడు సొంత అక్షరం ఏదని అడిగారా? డచ్ చిత్రకారుడు వాన్ గోహ్ 34 ఏళ్ల వయసులో, 1887లో, జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చు బొమ్మలోని ప్లమ్ తోటను గళ్లు గీసుకుని మరీ ఆయిల్ రంగుల్లోకి దించుకున్నాడు. మోనే కూడా 1899లో తన జివర్నీ తోటలోని ఆ ఒక్క వంతెననే పదేపదే వేశాడు.

మీరు పంపిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి దాంట్లో వంతెన వెనక చెట్లు కూడా ముందున్న ఆకులంత ముదురు పచ్చగా ఉన్నాయి. అందుకే తోటకు లోతు రాలేదు. మూడో దాంట్లో ఆ పచ్చలో కాస్త ఎరుపు, తెలుపు కలిపి రంగును అణిచింది, తడి ఆరకముందే చెట్ల అంచులు చెరిపింది. అంతే, చెట్లు వెనక్కి జరిగాయి, మధ్యలో గాలి ఆడుతున్నట్టుంది. మీకు మాత్రం మూడూ ఒకటే బొమ్మలా కనిపించాయి.

సరిదిద్దాల్సింది ఒకటుంది. ఫోన్ తెర మీద రంగు వెలుగుతుంది, క్యాన్వాస్ మీద వెలగదు. రంగు ఎంత మందంగా వేశారో, కుంచె గీత ఎంత పొడవో ఫోన్‌లో తెలియదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ ఆయిల్ చిత్రాలున్నాయి. ఒక రోజు తీసుకెళ్లి, తొందరపెట్టకుండా వాటి ముందు నిలబడనివ్వండి. తర్వాత తెల్లవారుజామున మీ దగ్గరి మామిడి తోటకు తీసుకెళ్లండి. సొంత బొమ్మ అక్కడ మొదలవుతుంది.

ఇక బీడెస్. బొమ్మలొచ్చిన ప్రతి పిల్లనూ ఈమధ్య అటే తోస్తున్నారు, నాకది నచ్చడం లేదు. డిజైన్ అంటే వాడేవాళ్ల ఇబ్బంది గమనించి దాన్ని తీర్చే పని. అందులో ఇష్టముండి, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లోనో ఐఐటీలోనో సీటొస్తే సంతోషంగా పంపండి. కానీ 'యూఎక్స్' (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటానికి తేలిగ్గా ఉండేలా చేసే డిజైన్) అని బోర్డు పెట్టి లక్షల్లో ఫీజు అడిగే కాలేజీలంటే నాకు భయం. మధ్యలో మానేసి నా దగ్గరికొచ్చిన పిల్లలు 'సాఫ్ట్‌వేర్ నేర్పారు, చూడటం నేర్పలేదు' అంటారు. ఫీజు కట్టేముందు ఆఖరి సంవత్సరం పిల్లల పని చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో పెయింటింగ్ బీఎఫ్ఏ నాలుగేళ్లు. మొదట్లో సంపాదన తక్కువే, అది దాచను. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచర్ పోస్టులుంటాయి. పైచదువు చదివితే పాత చిత్రాలను బాగుచేసే కన్జర్వేషన్ పని ఉంది. ఒక్క పచ్చ రంగు కోసం మూడుసార్లు కూర్చునే ఓపిక అక్కడ బాగా పనికొస్తుంది.

'ఎంపీసీ చదివించి బొమ్మలేయిస్తున్నారా' అని బంధువులు అడుగుతారనే కదా మీ టెన్షన్? దానికి ఆ పిల్ల రంగులకు తాళం వేయడం తప్పు సార్. తప్పని గట్టిగానే చెబుతున్నాను. ఈరోజే తీసివ్వండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచమనండి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు, విప్పి బయట ఆరేయమనండి. మూడో బొమ్మ మీద రంగు ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకుండా చూడండి.