రాయి ఆపరేషన్‌లో వాడే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ కిడ్నీని దెబ్బతీస్తుందా?

“మాది సోంపేట. నాన్నగారికి కిడ్నీలో రాయి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా ఎక్కువే. వీపులో చిన్న రంధ్రం పెట్టి, కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ చూస్తూ తీస్తామంటున్నారు. ఆ మందు కిడ్నీని ఇంకా పాడుచేయదా?” అని ఒకరు అడిగారు.

సోంపేట ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అక్కడి మనిషికి ఆ భయం సహజమే. (రాయి వేరు, ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు, కలిపేయకండి.) సీటీ స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ మందు కిడ్నీ గుండా బయటికి పోతుంది, అందుకే ముందు క్రియాటినిన్ చూస్తారు. అల్ట్రాసౌండ్‌లో వాడే ఈ కాంట్రాస్ట్ మందు అది కాదు. ఇందులో ఉండేవి గోలీసోడా బుడగల్లాంటివే, కాకపోతే ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. లోపల సాధారణంగా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు ఉంటుంది. నరంలోకి ఎక్కించినా ఆ వాయువు కొద్ది నిమిషాల్లో ఊపిరితోనే పోతుంది, కిడ్నీ గుండా కాదు.

ఈ ఆపరేషన్‌లో అసలు కష్టమంతా రాయి దాకా దారి చేయడానికి వీపులోంచి కిడ్నీలోకి సూది గుచ్చడంలోనే. మూత్రం నిండి ఉబ్బని కిడ్నీలో, మామూలు అల్ట్రాసౌండ్‌కి దారి సరిగా చిక్కదు. మూత్రనాళంలో పెట్టిన సన్నటి గొట్టంలోంచి బుడగల ద్రవం పంపితే కిడ్నీ లోపలి మూత్రపు గదులు తెరమీద తెల్లగా వెలుగుతాయి. సూది సరైన గదిలో దిగిందంటే దాని వెనక నుంచి ఆ ద్రవమే బొట్లుబొట్లుగా కారుతుంది. అదే మందు నరంలోకి ఇస్తే రక్తనాళాలు తెరమీద తేలతాయి, వాటిని తప్పించి సూదిని పోనివ్వొచ్చు. ఎక్స్‌రే అవసరమూ తగ్గుతుంది.

అలర్జీ అరుదు, కానీ ఉండొచ్చు. నాన్నగారికి గుండెజబ్బు ఉంటే మాత్రం డాక్టరుగారికి ముందే చెప్పండి.