పార్ట్ నంబర్ ఒకటే కదా అని ఊరుకోకు

చిరంజీవి శ్రీనుకి,

పర్చేజ్‌లో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషం రా. మీ సర్క్యూట్ బోర్డులు యూరప్ వెళ్తాయన్నావు కాబట్టి రోహ్స్ గురించి, అంటే ఎలక్ట్రానిక్ సరుకులో హానికర పదార్థాలకి హద్దు పెట్టే యూరప్ చట్టం గురించి, ఇప్పుడే రాస్తున్నా, ఆలస్యంగా తెలిస్తే డబ్బులు పోతాయి.

యూరప్‌లో 2006 జులై 1 నుంచి సీసం, పాదరసం, కాడ్మియం లాంటి ఆరు పదార్థాలకి హద్దు పెట్టారు. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే నాలుగు థాలేట్లను 2019 జులై 22 నుంచి కలిపారు. హద్దు 0.1 శాతం, కాడ్మియానికి మాత్రం 0.01. ఇది బోర్డు మొత్తం బరువు మీద కాదు, పిన్ను మీది పూత వేరు, వైరు తొడుగు వేరు, దేని లెక్క దానిదే. బోర్డులో సీసం ఎంతుంటుందిలే అని లెక్కలేసేవాళ్ల మాట వినకు.

నేను దెబ్బతిన్నది ఇంకోచోట. ఒక కనెక్టర్ కొన్నాను, సప్లయర్ రోహ్స్ సర్టిఫికెట్ ఇచ్చాడు, పిన్నుల్లో సీసం లేదు, అంతా నిజమే. కానీ పాత సీసం టంకం 183 డిగ్రీలకే కరిగేది, లెడ్-ఫ్రీ, అంటే సీసం లేని టంకానికి 217 దాటాలి, ఓవెన్‌లో బోర్డు 245 దాకా వెళ్తుంది. ఆ వేడికి కనెక్టర్ ప్లాస్టిక్ అప్పడంలా వంగి, చివరి రెండు పిన్నులు ప్యాడ్ మీంచి పైకి లేచాయి. లాటంతా చేత్తో విప్పి మళ్లీ అతికించాం. సీసం లేకపోవడం వేరు, లెడ్-ఫ్రీ ఓవెన్ వేడికి తట్టుకోవడం వేరు, డేటాషీట్‌లో రెండూ చూడు.

కొన్ని కంపెనీలు సీసం పూత తీసేసి వేరేది వేసినప్పుడు పార్ట్ నంబర్ చివర ఒక అక్షరం చేర్చాయి, కొన్ని నంబర్ అలాగే ఉంచి లేబుల్, డేట్ కోడ్‌లతోనే (తయారైన తేదీ గుర్తు) తేడా చూపించాయి. పాత స్టాక్ కొంటే ఏ రీల్ ఎప్పటిదో నువ్వే చూసుకోవాలి. అమ్మకం తక్కువున్న పార్టుల్ని కొందరు మార్చే ఖర్చు పెట్టుకోకుండా ఏకంగా ఆపేస్తారు, ఆ సంగతి లాస్ట్ టైమ్ బై, అంటే కావాల్సింది ఇదే ఆఖరిసారి కొనుక్కోండి అని ఒక మెయిల్‌లో వస్తుంది. అది చదవకుండా వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత బ్రోకర్ చుట్టూ తిరగాల్సిందే, అక్కడ లేబుల్ మార్చిన సరుకు భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ముఖ్యమైన ప్రతి పార్టుకీ రెండో కంపెనీది డిజైన్ వాళ్లతో ముందే ఓకే చేయించు. పవర్ పార్టుల లోపల ఎక్కువ సీసమున్న టంకానికి మినహాయింపు ఉంది గానీ, మినహాయింపులకీ గడువులుంటాయి, ఆ తేదీలు నీ షీట్‌లో రాసుకో.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్-రేలతో వస్తువులో ఏ మూలకాలున్నాయో చూపే చేతి పరికరం) ఉంది కదా అని ధైర్యపడకు. సీసం, కాడ్మియం చూపిస్తుంది, థాలేట్లు దానికి కనపడవు, వాటికి ల్యాబ్ రిపోర్టే దిక్కు. 2001లో నెదర్లాండ్స్‌లో సోనీ ప్లేస్టేషన్ లాట్లు ఆగిపోయింది కేబుళ్లలోని కాడ్మియం వల్ల, చిప్పుల వల్ల కాదు. మన దగ్గరా 2014 మే నుంచి ఆ ఆరింటికీ ఇవే హద్దులు, కాబట్టి లోకల్ ఆర్డర్ కదా అని వదలకు.

మీ బీఓఎంలో, అంటే బోర్డుకి కావాల్సిన పార్టుల జాబితాలో, కేబుళ్లు, స్లీవులు, స్క్రూల లైన్లు ముందు నాకు పంపు. ఆదివారం ఇంటికి రా, కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

మీ మావయ్య