కౌన్సెలర్‌ను వెతికే ముందు, అమ్మాయ్

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నీ రాసి చివర్లో ఒకటే అడిగావు. నార్సిసిస్టిక్ పర్సనాలిటీకి, అంటే తనంత గొప్పవాడు లేడనుకుంటూ ఎదుటివాళ్ళ బాధ పట్టని స్వభావానికి, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మంచి కౌన్సెలర్ ఎవరు, మీ ఆయన్ని అక్కడికి ఎట్టా తీసుకుపోవాలి అని. నేను పేరు రాయను, వెతికే దారి రాస్తాను. డాక్టర్లు ఊళ్ళు మారతారు, క్లినిక్‌లు మూతపడతాయి, దారి తెలిస్తే మాత్రం ఎప్పుడైనా పనికొస్తుంది. దానికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకో తల్లీ, మొదటి అపాయింట్‌మెంట్ అల్లుడికి కాదు, నీకు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, తప్పు తనలో ఉందని చెప్పించుకోవడానికి తనంతట తాను రాడు. వస్తే ఉద్యోగం పోయో, వ్యాపారం దెబ్బతినో, భార్య పుట్టింటికి వెళ్ళిపోయో, నిద్ర కరువయ్యో వస్తాడు. ఆ రోజు కోసం చేతులు కట్టుకుని కూర్చుంటే నీ ఆరోగ్యం నేలకరుస్తుంది. నువ్వు ముందు వెళితే మూడు పనులు జరుగుతాయి. నీ నిద్ర, నీ దిగులు ఎవరో ఒకరు చూస్తారు. ఏ మాటకు బదులివ్వాలో, ఏ మాటకు లేచి పక్క గదిలోకి పోవాలో నేర్చుకుంటావు. ఆ కౌన్సెలర్ ఎట్టాంటి మనిషో నీకే తెలుస్తుంది, తర్వాత అల్లుడిని ధైర్యంగా పంపొచ్చు.

నువ్వు వాడిన పేరు చిన్నది కాదు. డాక్టర్లు వాడే పుస్తకంలో దానికి 9 లక్షణాలున్నాయి. తనంత గొప్పవాడు లేడనుకోవడం, పేరు-పదవుల గురించి అంతులేని ఊహలు, తన స్థాయి మామూలు వాళ్ళకు అర్థం కాదనే నమ్మకం, పొగడ్త లేనిదే నిలవలేకపోవడం, అన్నీ తనకు హక్కుగా రావాలనుకోవడం, ఎదుటివాళ్ళను వాడుకోవడం, వాళ్ళ బాధ పట్టకపోవడం, అసూయ, పొగరు. వీటిలో కనీసం 5 ఉండాలి. అవి కూడా నిన్నా మొన్నా వచ్చినవి కాకూడదు. వయసొచ్చినప్పటి నుంచి ఇంట్లో, పనిలో, స్నేహితుల దగ్గర, అన్నిచోట్లా కనబడాలి. ఒక్క నీ దగ్గర మాత్రమే కనబడితే దాని కారణం వేరే అయ్యుండొచ్చు. ఇక 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ, ఐసీడీ-11లో అయితే ఈ పేరే విడిగా లేదు. వ్యక్తిత్వ సమస్య తేలికపాటిదా, మధ్యస్థమా, తీవ్రమా అని చూసి, ఏ గుణాలు ఎక్కువగా ఉన్నాయో రాస్తారు. కాబట్టి ఆసుపత్రి చీటీ మీద నార్సిసిస్టిక్ అనే మాట కనబడకపోతే డాక్టరుకు తెలియలేదని అనుకోకు.

ఇట్టాగే కనబడేవి ఇంకొన్ని ఉన్నాయి, వీటిని మాత్రం ఆలస్యం చేయకూడదు. మామూలుగా ఉండే మనిషి ఉన్నట్టుండి రాత్రికి మూడు గంటలే నిద్రపోతూ, అలుపు లేకుండా మాట్లాడుతూ, అప్పు తెచ్చి పది ఎకరాల రొయ్యల గుంట లీజుకు తీసుకుంటానని తిరుగుతుంటే అది వ్యక్తిత్వం కాదు, మేనియా కావచ్చు. దానికి కౌన్సెలింగ్ చాలదు, మందులు కావాలి. తాగుడు ఉంటే, అది తగ్గేదాకా అసలు స్వభావం ఏమిటో ఎవరూ తేల్చలేరు. మగవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాకుండా కోపంగా బయటపడుతుంది. యాభై దాటాక కొత్తగా స్వభావం మారితే, సిగ్గూ జాలీ పోతే, ముందు మెదడు పరీక్ష చేయించాలి. అందుకే వ్యక్తిత్వ సమస్య అనుకున్నా సరే, ఒక్కసారైనా సైకియాట్రిస్ట్ చూడాలని నా పట్టుదల.

ఇప్పుడు బోర్డుల సంగతి. నెల్లూరు పొగతోటలో, ఆ ఆసుపత్రుల వీధుల్లో నడుచుకుంటూ పోతే సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్, హిప్నోథెరపిస్ట్ అని రకరకాలు కనబడతాయి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ డీపీఎం గానీ చేసిన డాక్టరు, మందులు రాసే అధికారం ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, థెరపీ, అంటే మాటలతో చేసే చికిత్స, చేస్తారు. సాధారణంగా క్లినికల్ సైకాలజీలో రెండేళ్ళ ఎం.ఫిల్. ఉంటుంది. 1992 చట్టం కింద నడిచే భారత పునరావాస మండలిలో, అందరూ ఆర్‌సీఐ అంటారే, అందులో పేరు నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగితే తప్పేమీ కాదు. నిజంగా ఉన్నవాళ్ళు ఒక్క నిమిషంలో చెప్తారు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకో, గడువు దాటిందేమో కూడా చూడు. పేరు ముందు ‘డాక్టర్’ అని ఉన్నంత మాత్రాన వైద్యుడని కాదు, పీహెచ్‌డీ చేసినా ఆ మాట పెట్టుకుంటారు.

అట్టాగని ఎంఏ సైకాలజీ చదివి కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసిన వాళ్ళను తీసిపారేయొద్దు. నీ దిగులు వినడానికి, నీకు ధైర్యం కూడగట్టడానికి ఓపికున్న కౌన్సెలర్ చాలు. వ్యక్తిత్వ సమస్య ఉందా లేదా తేల్చడం, దానికి థెరపీ చేయడం మాత్రం వాళ్ళ పని కాదు. అది తెలిసి, తమ హద్దు తాము చెప్పుకునే కౌన్సెలర్ దొరికితే వదులుకోకు.

వెళ్ళే ముందు ఫోన్‌లోనే అడుగు. ‘వ్యక్తిత్వ సమస్యలున్న వాళ్ళతో మీరు పని చేస్తారా, ఏ పద్ధతిలో చేస్తారు?’ స్కీమా థెరపీ (చిన్నప్పటి నుంచి పాతుకుపోయిన నమ్మకాల మీద పని చేసేది), మెంటలైజేషన్ పద్ధతి (తన మనసులో, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో గ్రహించడం నేర్పేది), ట్రాన్స్‌ఫరెన్స్ మీద, అంటే థెరపిస్ట్‌తో ఏర్పడే సంబంధం మీద దృష్టి పెట్టే థెరపీ, భావోద్వేగాలు అదుపు తప్పేవాళ్ళకు వాటిని పట్టుకోవడం నేర్పే డీబీటీ, ఇట్టాంటి పేరు ఏదైనా చెప్పి రెండు వాక్యాల్లో వివరించగలిగితే మంచిది. ‘నేను చేయను, ఫలానా చోటికి పంపుతాను’ అంటే అదీ మంచి జవాబే. ‘మూడు సిట్టింగుల్లో మనిషిని మార్చేస్తా’ అన్నవాళ్ళకు నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేయ్. ఫీజెంత, సిట్టింగ్ ఎన్ని నిమిషాలు (మామూలుగా 45 నుంచి 50), రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, రాసుకున్న కాగితాలు ఎవరు చూస్తారు, ఇవన్నీ అప్పుడే తేల్చుకో.

డబ్బుకు ఇబ్బందైతే ప్రభుత్వ దారి ఉంది. నెల్లూరు ఏసీఎస్ఆర్ మెడికల్ కాలేజీ సర్వజన ఆసుపత్రి, ఒంగోలు రిమ్స్, రెండూ బోధనాసుపత్రులే. మీ కావలి ఊరి నుంచి అటు ఒకటి, ఇటు ఒకటి, రెండూ పూటలో పోయి వచ్చే దూరమే. పొద్దున్నే ఆధార్ తీసుకుని పోయి, ఓపీ చీటీ రాయించేటప్పుడు మానసిక వైద్య విభాగం అని చెప్పు. జనం ఎక్కువ కాబట్టి డాక్టరు నీకు పది నిమిషాలే ఇవ్వొచ్చు, దానికి నొచ్చుకోకు. ఆ పది నిమిషాల్లో అడగాల్సింది ఒకటే, ‘క్లినికల్ సైకాలజిస్ట్ ఏ రోజుల్లో కూర్చుంటారు, నన్ను వాళ్ళకు రాసి పంపుతారా?’ పెద్ద చోటు కావాలంటే వేలూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. కానీ వారం వారం అంత దూరం ఎవరూ పోలేరు. సమస్య ఏమిటో ఒకసారి తేల్చుకోవడానికి అక్కడికి, వారం వారం పనికి దగ్గరి వాళ్ళ దగ్గరికి, ఇట్టా విడదీసుకుంటే నడుస్తుంది. ఈ రాత్రికే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ-మానస్‌కు చెయ్, 14416, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

మొదటి సిట్టింగ్‌కు పోయేటప్పుడు పదేళ్ళ కథ మోసుకుపోకు. ఒక్క పేజీ చాలు. మూడు సంఘటనలు రాయి, ఒక్కొక్కదానికి ముందు ఏం జరిగింది, ఆయన ఏం అన్నారు, నువ్వేం చేశావు, ఎట్టా ముగిసింది. ఇట్టా:

‘శనివారం రాత్రి ఎనిమిది. చెల్లెలు ఫోన్ చేసింది, ఐదు నిమిషాలు మాట్లాడాను. అన్నం కంచం పక్కకు నెట్టి, నాకంటే నీకు మీ వాళ్ళే ఎక్కువ అన్నారు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే సారీ చెప్పాను. దేనికి చెప్పానో నాకు తెలియదు.’

‘ఆయన అహంకారి’ అని వందసార్లు చెప్పినా కౌన్సెలర్‌కు అందనిది ఈ ఆరు ముక్కల్లో అందుతుంది. మౌనాన్ని శిక్షగా వాడటం, ఆ శిక్షను నీ క్షమాపణతో ముగించడం, రెండూ కనబడతాయి. మొదట మారగలిగేది ఆ రెండోదే. ఈ కాగితం ఇంట్లో బీరువాలో పెట్టకు.

ఎదురుగా కూర్చున్నాక కౌన్సెలర్‌ను గమనించు. అల్లుడిని చూడకుండానే పావుగంటలో ‘మీ ఆయన నార్సిసిస్టే, వదిలేయండి’ అనేవాళ్ళు పనికిరారు. ‘ఆడవాళ్ళే సర్దుకోవాలమ్మా’ అనేవాళ్ళూ పనికిరారు. తిరిగి ప్రశ్నలడగాలి. నీ నిద్ర, తిండి, పిల్లలు, చనిపోవాలనే ఆలోచన, ఇంట్లో చేయి చేసుకోవడం, వీటి గురించి సూటిగా అడగని వాళ్ళ దగ్గరికి రెండోసారి పోనక్కర్లేదు. నాలుగైదు సిట్టింగులయ్యాక ‘మనం దేని మీద పని చేస్తున్నాం?’ అని అడుగు. జవాబు లేకపోతే మార్చుకో.

ఇక అల్లుడి సంగతి. యూట్యూబులో చూసిన మాట తెచ్చి ఆయన మొహాన కొట్టొద్దు. బీపీ చూపించుకుందామని మభ్యపెట్టి తీసుకెళ్ళి సైకియాట్రిస్ట్ ముందు కూర్చోబెట్టొద్దు. లోపల ఆ మనిషికి అవమానం అంటే ప్రాణభయమంత ఉంటుంది. ఒక్కసారి అట్టా మోసపోతే ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కడు. ఆయన తనకు తానుగా చెప్పుకునే బాధ ఏదో ఒకటి ఉంటుంది, నిద్ర పట్టడం లేదనో, ఆఫీసులో తన విలువ తెలియడం లేదనో. ఆ కొస పట్టుకో. ‘మీరు ఇంత నలిగిపోతుంటే చూడలేకపోతున్నా, ఒకసారి ఎవరితోనైనా మాట్లాడితే బాగుంటుందేమో’ అను, అంతటితో ఆపేయ్. చెప్పేది నీ అన్నదమ్ములు కాకూడదు. ఆయన గౌరవించే మేనమామో, పై అధికారో, చాలాకాలంగా చూసే డాక్టరో అయితే వింటాడు.

వచ్చాక ఏమవుతుందో కూడా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. మొదటి రెండు మూడు సార్లు ‘ఇంత తెలివైన మనిషిని చూడలేదు’ అని కౌన్సెలర్‌ను ఆకాశానికెత్తుతాడు. ఆ తర్వాత ఒక ఇబ్బందికరమైన ప్రశ్న పడుతుంది, ఆ వారమే ‘వాడికేం తెలుసు, వాడి వయసెంత’ అని మానేస్తాడు. అనుభవమున్న థెరపిస్ట్ ఈ మలుపు వస్తుందని మొదటి రోజే ఆయనతోనే చెప్పి ఉంచుతారు, మానాలనిపిస్తే ఒకసారి వచ్చి ఆ మాట చెప్పి మానండి అని ఒప్పందం చేసుకుంటారు. నువ్వు మాత్రం ‘ఇవాళ ఏం అడిగారు?’ అని ఇంటికి రాగానే ఆరా తీయకు. వ్యక్తిత్వ సమస్యకంటూ విడిగా మాత్ర లేదు. దిగులు, ఆందోళన ఉంటే వాటికి మందు ఇస్తారు. మిగతాదంతా మాటలతో జరిగే పని, ఏడాది, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. మారతారు, కానీ అందరూ మారరు, మారినా గోరంత గోరంతగా మారతారు.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌కు తొందరపడకు. ఆయన చేయి చేసుకుంటుంటే, లేదా నువ్వు ఆయనకు భయపడుతుంటే, అసలే వద్దు. ఆ గదిలో నువ్వు చెప్పిన నిజానికి ఇంటికొచ్చాక మూల్యం కట్టాల్సి వస్తుంది. ఈ సంగతి ముందుగా ఒంటరిగా కౌన్సెలర్‌కు చెప్పు. పోలీసు స్టేషన్‌లో రాజీ కోసం చేసే కౌన్సెలింగ్ వేరు, పెద్దమనుషుల పంచాయితీ వేరు, వాటిని థెరపీ అనుకోకు. కొడితే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోనే ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు అడగొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఒకటి మాత్రం చేయకు, ఆయనకు పిచ్చి అని కౌన్సెలర్ చేత కాగితం రాయించుకోవాలని చూడకు. ఆయన్ని చూడకుండా రాసిస్తే అది తప్పు, రాసిచ్చేవాళ్ళను నమ్మకూడదు.

ఇంకొకటి బాగా గుర్తుంచుకో. పెద్ద గొప్పలు చెప్పుకునే మనిషి పెద్ద నష్టం తగిలినప్పుడు ఒక్కసారిగా కూలిపోతాడు. పొగాకు ధర పడిపోవచ్చు, గుంటలో రొయ్య పోవచ్చు, నలుగురిలో పరువు పోవచ్చు. అప్పుడు ‘నేను లేకపోతే తెలుస్తుంది మీకు’ అన్నా బెదిరింపు అనుకుని వదిలేయకు. ఇంట్లో, చేలో షెడ్డులో పురుగుమందు డబ్బాలు ఉంటే ఆ రోజే వేరే ఇంటికి చేర్చు. సూటిగా అడుగు, ‘చనిపోవాలని ఉందా?’ అని. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. ఒంటరిగా వదలకు, 14416కు చెయ్, ప్రాణం మీదికి వస్తే 108.

మొక్కుల గురించి అడిగావు. గొలగమూడి వెంకయ్యస్వామి గుడికి పోయి రా, కసుమూరు దర్గాకు పోయి రా, నీ మనసు కుదుటపడితే మంచిదే. ఈ పని మాత్రం దాని కోసం వాయిదా వేయకు.

ఎవరైనా చూస్తారన్న భయం నాకు అర్థమవుతుంది, మన ఊళ్ళల్లో ఆసుపత్రి బెంచీ మీద కనబడితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వైద్యం వివరాలు బయటపెట్టకూడదు, అది నీ హక్కు. వీధి నోటికి చట్టం అడ్డుపడదు కాబట్టి, నెల్లూరులో తెలిసినవాళ్ళు ఎక్కువైతే ఒంగోలు పో. ఫోన్‌లో వీడియో సిట్టింగ్ అయితే ఇంట్లోంచి కాకుండా మీ స్నేహితురాలి ఇంటి నుంచి చెయ్, గోడలకు చెవులుంటాయి. రసీదులు, అపాయింట్‌మెంట్ మెసేజీలు అల్లుడు చూసే ఫోన్‌కు రాకుండా వేరే నంబరు ఇవ్వు.

సోమవారం పదిన్నరకు, పిల్లలు బడికి పోయాక, మొదటి ఫోన్ చెయ్. మూడు చోట్లకు చేసి, వాళ్ళు చెప్పిన జవాబులు అట్టాగే రాసి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ