నాలుగో వైపు తెరిచే ఉంచండి

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటాం. చుట్టుపక్కల తెలుగువాళ్లతో ఉగాది, బతుకమ్మ నేనే ముందుండి జరిపిస్తాను. ఈసారి ఖర్చుల దగ్గర మాటామాటా పెరిగి మా తోడికోడలు, ఇంకో రెండు కుటుంబాలు తప్పుకున్నారు. పక్కింటి చైనీస్ పెద్దావిడ నాణేలు వేసి ఐ చింగ్ (చైనావాళ్ల పాత జోస్యం పుస్తకం) చూశారు. అందులోని ఆరు గీతల గుర్తుల్లో ఎనిమిదోది 'బీ' వచ్చింది, దాన్లో ఐదోది మారే గీత, అంటే నిండుగా ఉన్నది విరిగినదయ్యేది. జనాన్ని కలిపే నాయకత్వం నాదేనట, ఆలస్యంగా వచ్చేవాళ్లకి కీడట. ఈ మాట వాళ్లకి పంపాలనుంది. మావారేమో "నీకెందుకీ తలనొప్పి, వదిలెయ్" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు ఆ మెసేజ్ పంపకండి. శాపనార్థంలా ఉంటుంది.

నాణేలకు మీ తోడికోడలి మనసు తెలుసని నేననను. కానీ ఆ పాత వాక్యాల్లో మీరు సగమే పట్టుకున్నారు. 'బీ'లో కింద నేల, పైన నీరు. ఆరు గీతల్లో ఐదు విరిగినవి, నిండు గీత ఒక్కటే. అది కింది నుంచి ఐదోది, అంటే రాజు స్థానం. ఇంతవరకు పెద్దావిడ చెప్పింది సరే. అయితే ఆలస్యంగా వచ్చేవాడి మాట కంటే ముందు అక్కడ ఇంకోటుంది: నలుగురినీ కలిపేంత నిలకడ నీకుందా అని మళ్లీ ఒకసారి అడిగి చూసుకోమంటుంది. అది మీకోసం. దాన్ని దాటేసి పక్కవాళ్లకి పనికొచ్చే ముక్క ఏరుకున్నారు, అందరం చేసేదేలెండి.

మీకొచ్చిన ఐదో గీతలో రాజు వేటకెళ్తాడు. జంతువుల్ని తోలడానికి మూడు వైపులే మనుషుల్ని పెడతాడు. ఎదురుగా పారిపోయేదాన్ని పోనిస్తాడు. అలాంటి రాజంటే ఊళ్లోవాళ్లకి బెదురుండదు. ఇష్టపడి వచ్చినవాళ్లే తనవాళ్లని పెద్దలు దీనికి అర్థం చెబుతారు.

ఆ నిండు గీత మారితే ఆరూ విరిగినవే అవుతాయి. అది రెండో గుర్తు 'కున్', పూర్తిగా నేల. ముందు నడవబోతే దారి తప్పుతావు, వెనక నడిస్తే దారి దొరుకుతుంది అంటుందది. పెద్దావిడ ఈ సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు.

మీవారు మీ టెన్షన్ చూసి అన్నారు గానీ, మొత్తం వదిలేయక్కర్లేదు. వచ్చే పండగ ఇంకొకరికి అప్పగించి, వాళ్లు వంట దగ్గర నిలబడమంటే అక్కడే నిలబడండి. హాలు అద్దె, భోజనాలు, పూలు, మిగిలిన డాలర్లు, అన్నీ రసీదులతో సహా గ్రూపులో పెట్టండి. ఎవరూ అడగకముందే పెట్టాలి. వెళ్లిపోయిన ఆ రెండు కుటుంబాలకీ పండగ పిలుపు ఒక్కసారి వెళ్తే చాలు, బతిమాలొద్దు.

తోడికోడలి సంగతి వేరు. గ్రూపులోంచి తప్పుకున్నా ఆమె మీ ఇంటి మనిషే. ఓ ఆదివారం పిల్లల్ని తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. లెక్కల ఊసు ఆమె ఎత్తితే పూర్తిగా వినండి, మధ్యలో జవాబు చెప్పకండి. ఎత్తకపోతే టీ తాగి వచ్చేయండి.