ఆగకపోయినా పాసయిన టెస్టు

చిరంజీవి అమ్మాయికి,

డిబగ్గర్‌ (ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించే సాధనం) కోసం నువ్వు పైథాన్‌లో రాసిన బ్రేక్‌పాయింట్లకి పంపిన పదకొండు టెస్టులూ చదివాను. కోడు శుభ్రంగా ఉంది, పేర్లు చూస్తేనే ఏది ఎందుకో తెలుస్తోంది, అన్నీ పాసయ్యాయి. అయితే నిన్న రాత్రి ఒక తుంటరి పని చేశాను. నీ బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాల్సిన చోటు) క్లాసులో, ఆగాలా వద్దా అని తేల్చే స్టాప్ మెథడ్ లోపలున్నదంతా చెరిపేసి, ‘రిటర్న్ ఫాల్స్’, అంటే ‘ఎప్పుడూ ఆగొద్దు’ అన్న ఒక్క లైను ఉంచి మళ్లీ నడిపించాను. తొమ్మిది టెస్టులు మళ్లీ పాసే! ఉత్తరం కోప్పడడానికి కాదులే. ఇదే తప్పు నీ వయసులో నేను నీకంటే ఘనంగా చేశాను.

అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక ఫంక్షన్ పేరు మార్చారు. నా టెస్టు మాత్రం పాత పేరు మీదే బ్రేక్‌పాయింటు పెడుతూ పోయింది. పైథాన్ నుంచి పెట్టిన బ్రేక్‌పాయింటుకి చోటు దొరక్కపోతే జీడీబీ అనే డిబగ్గర్ ఎర్రర్ ఇవ్వదు, దాన్ని పెండింగ్‌లో పెట్టుకుని ఊరుకుంటుంది. ఎల్ఎల్‌డీబీ అనే ఇంకో డిబగ్గర్ కూడా అంతే, సున్నా లొకేషన్లతో, అంటే ఆగే చోటు ఒక్కటీ లేకుండా బ్రేక్‌పాయింటు చేసి చేతికిస్తుంది. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా చివరిదాకా పరుగెత్తి బుద్ధిగా ముగిసిపోయేది. నేను సరిచూసుకునే లైన్లన్నీ బ్రేక్‌పాయింటు తగిలినప్పుడు డిబగ్గర్ పిలిచే ఫంక్షన్, అంటే కాల్‌బ్యాక్ లోపలే రాశాను. దాన్ని పిలిచినవాడే లేడు, ఇక ఫెయిలయ్యేదెవరు? కొన్ని నెలలు రోజూ పాస్ చూసి మురిసిపోయాను.

అందుకని అసలు పరీక్ష ఎప్పుడూ కాల్‌బ్యాక్ బయట ఉండాలి. లోపల లెక్క మాత్రం రాసుకో. ప్రోగ్రాం ముగిశాక బయట నిలబడి ఆ లెక్క అడుగు.

ఏ లెక్కంటావా? ఒక ఉదాహరణ తీసుకుందాం. సున్నా నుంచి తొమ్మిది దాకా తిరిగే లూపు, లోపల ఒకే ఫంక్షన్ కాల్. ఆ లైను మీద బ్రేక్‌పాయింటు పెట్టి, ‘ఐ’ విలువ 7 అయితేనే ఆగాలని స్టాప్‌లో రాశావనుకో. ప్రోగ్రాం నడపకముందే లొకేషన్ ఒకటి దొరికిందా చూడు, పెండింగ్ అయితే అక్కడే ఫెయిల్ చెయ్యి. నడిపాక ఆగినప్పుడు స్టాప్‌ని 8 సార్లు పిలిచి ఉండాలి, ఆగడం ఒక్కసారే అయి ఉండాలి, ఫ్రేములో, అంటే ఆగిన చోటి ఫంక్షన్ స్థితిలో, ‘ఐ’ 7 ఉండాలి. కంటిన్యూ అన్నాక ఇంకో రెండుసార్లు పిలిచి, మొత్తం 10 అయి, ప్రోగ్రాం తనంతట తాను ముగియాలి. నువ్వు రాసిన దాంట్లో ‘ఆగింది’ అన్న ఒక్కటే ఉంది. మిగతా తొమ్మిదిసార్లు ఆగలేదన్న సంగతి ఎక్కడా అడగలేదు. షరతు పెట్టిన బ్రేక్‌పాయింటు చేసే పనిలో సింహభాగం ఆగకపోవడమే కదా!

ఈ లెక్క నీ క్లాసులోనే ఉంచుకో. డిబగ్గర్ చెప్పే హిట్ కౌంట్ (ఎన్నిసార్లు తగిలిందన్న లెక్క) మీద ఆధారపడకు. షరతు ‘వద్దు’ అన్నప్పుడు అది లెక్కలోకి వస్తుందో రాదో డిబగ్గర్‌ని బట్టి మారుతుంది.

ఇంకో చిక్కు చూడు, నీ నాలుగో టెస్టు సరిగ్గా ఇందులోనే ఇరుక్కుంది. జీడీబీలో స్టాప్ మెథడ్‌లో ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే తప్పు) వస్తే, అది ఎర్రర్ ప్రింట్ చేసి ప్రోగ్రాంని అక్కడే ఆపేస్తుంది. నువ్వేమో ఆగిందా లేదా అని మాత్రమే చూశావు. వేరియబుల్ పేరు తప్పు రాసినా, చదవలేక ఎక్సెప్షన్ వచ్చి ఆగి, పాస్ అనిపించుకుంది. రిటర్న్ రాయడం మర్చిపోతే కథ వేరు. జీడీబీ దాన్ని ‘ఆగొద్దు’ అనుకుని సాగిపోతుంది. ఎల్ఎల్‌డీబీ కాల్‌బ్యాక్‌లో ఫాల్స్ అని స్పష్టంగా ఇస్తే తప్ప ఆగుతుంది. ఒకే మరుపు, రెండు చోట్లా ఎదురెదురు ఫలితాలు. ఈ రెండింటికీ చెరో టెస్టు రాయి. కావాలని ఎక్సెప్షన్ విసిరే బ్రేక్‌పాయింటు ఒకటి, ఏమీ రిటర్న్ చేయనిది ఒకటి. నీకు నవ్వు రావచ్చు గానీ, స్క్రిప్టులు రాసే జనం రోజూ చేసే తప్పులు ఇవే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లైను నంబర్లు టెస్టులో అంకెలుగా రాయకు. సోర్సులో ‘ఇక్కడ ఆగు’ లాంటి కామెంటు పెట్టి, దాన్ని వెతికి నంబరు తీసుకో. లేకపోతే పైన ఎవరో ఖాళీ లైను కలిపినందుకు నీ టెస్టు విరుగుతుంది. అడ్రసులు అసలే వద్దు. టెస్టు ప్రోగ్రాంని ఆప్టిమైజేషన్ (వేగం కోసం కంపైలర్ చేసే మార్పులు) లేకుండా, డిబగ్ సమాచారంతో కంపైల్ చెయ్యి. ఆప్టిమైజేషన్ ఉంటే చిన్న ఫంక్షన్ మూడు చోట్ల ఇన్‌లైన్ అయి, అంటే పిలిచిన చోటే దాని కోడు అతికిపోయి, ఒక బ్రేక్‌పాయింటుకి మూడు లొకేషన్లు రావచ్చు. అదీ పరీక్షించాల్సిందే, కానీ విడిగా. డిబగ్గర్‌ని నీ సొంత సెట్టింగుల ఫైలు చదవనివ్వకు, జీడీబీకి ‘ఎన్ఎక్స్’ ఆప్షన్ ఉన్నది అందుకే. నీ మెషీన్లో పాసై సర్వర్లో ఫెయిలయ్యే టెస్టుల్లో సగానికి కారణం ఆ ఫైలేనని నా అనుమానం. బ్యాచ్ మోడ్‌లో (ఎవరూ కూర్చోకుండా నడిపేటప్పుడు) ఫలితాన్ని డిబగ్గర్‌కి వదిలేయకుండా, తేడా కనిపిస్తే ‘క్విట్ 1’ అని, అంటే ఫెయిల్ సంకేతంతో, నువ్వే బయటికి రా.

ఎల్ఎల్‌డీబీ వైపు టెస్టులు అప్పుడప్పుడు మాత్రమే ఫెయిలవుతున్నాయని టెన్షన్ పడ్డావు. అసింక్ మోడ్ ఆన్‌లో ఉంచావు. అందులో కంటిన్యూ అన్న వెంటనే కాల్ తిరిగి వచ్చేస్తుంది, ప్రోగ్రాం ఇంకా పరుగెడుతూనే ఉంటుంది. అది ఆగకముందే నువ్వు ఫ్రేము అడుగుతున్నావు. మెషీన్ ఖాళీగా ఉన్న రోజు అదృష్టం, బిజీగా ఉన్న రోజు ఫెయిల్. మధ్యలో స్లీప్ (కాసేపు ఆగమనే లైను) పెట్టి సర్దుకున్నావు చూశావా, అవన్నీ తీసేయి. అసింక్‌ని ఫాల్స్ చేస్తే ప్రోగ్రాం ఆగేదాకా కంటిన్యూ తిరిగి రాదు. ఒకేసారి పలు దారుల్లో నడిచే మల్టీ థ్రెడ్ ప్రోగ్రాంలో మాత్రం ఏ థ్రెడ్ ముందు తగులుతుందో చెప్పలేం కాబట్టి, వరుస అడక్కుండా మొత్తం మాత్రమే అడుగు.

ఎక్కడ ఆగాలో కూడా పైథానే నిర్ణయించే రిజాల్వర్ ఒకటి రాశావు. అది బాగుంది. దానికి ఒక టెస్టు తక్కువైంది. ప్రోగ్రాం మధ్యలో లోడయ్యే లైబ్రరీ ఒకటి పెట్టి, లోడ్ కాకముందు లొకేషన్లు సున్నా, లోడయ్యాక ఒకటి అని చూడు. రిజాల్వర్‌కి అసలు పని పడేది అక్కడే.

ముందు ఆ తొమ్మిదింటి సంగతి చూడు. స్టాప్ ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ ఫెయిలయ్యేదాకా మార్చు. నాకు పాసయిన అవుట్‌పుట్ ఇప్పుడే పంపకు. ఆ ఫెయిలయినదే ముందు పంపు.

ఆశీస్సులతో,
బాబాయ్