జడ్జ్ డ్రెడ్‌లో ఏవి వదిలేయొచ్చు?

ప్రశ్న: ‘జడ్జ్ డ్రెడ్’ కామిక్ ఈమధ్యే మొదలుపెట్టాను. కంప్లీట్ కేస్ ఫైల్స్ 5వ సంపుటంలో ‘అపోకలిప్స్ వార్’ చదివాక మతిపోయింది. తర్వాత వచ్చిన పెద్ద కథల్లో కొన్ని బాగా నీరసమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఈ పుస్తకాల ధరలు చూస్తే అన్నీ కొనే ధైర్యం లేదు. చెత్త నుంచి మొదలుపెట్టి ర్యాంకులు ఇస్తారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మొహమాటం లేకుండా ఇచ్చేస్తాను, మీ ఫ్రెండ్స్ తిట్టుకుంటే నా పూచీ లేదు.

అట్టడుగున ‘ఇన్ఫెర్నో’ (1993). రాసింది గ్రాంట్ మారిసన్, బొమ్మలేమో డ్రెడ్‌కు రూపమిచ్చిన కార్లోస్ ఎజ్కెర్రా, కాబట్టి పనివాళ్ల లోటేం లేదు. తప్పుచేసిన జడ్జీలను (ఈ కామిక్‌లో పోలీసులూ, న్యాయమూర్తులూ వీళ్లే) పంపే టైటన్ జైలు నుంచి గ్రైస్ ముఠా తప్పించుకొచ్చి డ్రెడ్ ఉండే మహానగరం మెగా-సిటీ వన్‌ను పట్టుకుంటుంది, జడ్జీలు ఊరొదిలి పారిపోతారు, మళ్లీ కూడగట్టుకుని వస్తారు. సరిగ్గా మూడేళ్ల ముందు ‘నెక్రోపొలిస్’లోనూ ఊరు ఇలాగే చేజారింది కదా! కాకపోతే అక్కడ ఊరు పడిపోయేలోపు డ్రెడ్‌కు తను నమ్మిన చట్టం మీదే అనుమానం రావడం, అన్నీ వదిలేసి వెళ్లిపోవడం, అతని స్థానంలో అతని క్లోన్ లాంటి క్రాకెన్‌ను నిలబెట్టడం, ఇదంతా ఉంది. గ్రైస్‌కు పగ తప్ప ఇంకేం లేదు.

దానికి కాస్త పైన ‘జడ్జిమెంట్ డే’ (1992), రచన గార్త్ ఎనిస్. సబ్బాట్ అనే మాంత్రికుడు ప్రపంచమంతటా శవాలను లేపుతాడు. చదివేటప్పుడు సరదాగానే ఉంటుంది, ‘స్ట్రాంషియం డాగ్’ అనే మరో కామిక్ హీరో జానీ ఆల్ఫా కూడా వస్తాడు. కానీ నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, మెగా-సిటీ టూతో కలిపి అయిదు మహానగరాలను జడ్జీలే అణుబాంబులతో లేపేస్తారు, ఆ తర్వాత దాని గురించి ఏడ్చే దిక్కుండదు.

మీరు చదివిన ‘అపోకలిప్స్ వార్’తో పోల్చి చూడండి. అందులో శత్రునగరం ఈస్ట్-మెగ్ వన్‌లో 50 కోట్ల మందిని చంపే బటన్ నొక్కింది డ్రెడ్డే. ఈ కామిక్‌లో మనకు ఏడాది గడిస్తే వాళ్లకూ ఏడాది గడుస్తుంది, డ్రెడ్ ముసలివాడవుతూ ఉంటాడు, అందుకని 1982 నాటి ఆ పాపం 2011-12లో ‘డే ఆఫ్ కేయాస్’గా తిరిగొచ్చింది. ఆ నగరంలో బతికి బయటపడ్డవాళ్లు రోగక్రిమిని వదిలితే మెగా-సిటీ వన్‌లోని 40 కోట్ల జనాభాలో మిగిలింది దాదాపు 5 కోట్లు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా లెక్క సరిచూసుకున్న కామిక్ ఇది, అలాంటిదాంట్లో అయిదు నగరాలను ఊరికే తగలబెట్టి పేజీ తిప్పేస్తే ఎలా?

మారిసన్, మార్క్ మిల్లర్ కలిసి రాసిన ‘బుక్ ఆఫ్ ది డెడ్’ (ఈజిప్టు అనగానే మమ్మీలే), ‘క్రూసేడ్’ (దేవుణ్ని చూశానన్న సైంటిస్టు కోసం అంటార్కిటికాలో దేశదేశాల జడ్జీల కొట్లాట) మూడు, నాలుగు స్థానాల్లో వేసుకోండి. ఏది ముందైనా నాకు అభ్యంతరం లేదు. 1990లో జాన్ వాగ్నర్ కొత్తగా వచ్చిన ‘జడ్జ్ డ్రెడ్ మెగజీన్’ వైపు మళ్లి, డ్రెడ్ మొదటినుంచీ వస్తున్న ‘2000 ఏడీ’ వారపత్రికలో అతన్ని కుర్ర రచయితలకు వదిలేశాక వచ్చిన బాపతే ఇవన్నీ.

అయిదోది ‘సిటీ ఆఫ్ ది డ్యామ్‌డ్’ (1984-85). దీన్ని మాత్రం వదలకండి, 8వ సంపుటంలో ఉంది. డ్రెడ్, మనసులు చదివే జడ్జి యాండర్సన్ టైమ్ మెషీన్‌లో 2120కి వెళ్తే ఊరు శ్మశానంలా ఉంటుంది. ఆరంభం అదిరిపోతుంది, తర్వాత విసుగొచ్చినట్టు 14 భాగాల్లో చుట్టేశారు, చూసొచ్చింది ఇంకా రాని కాలం కాబట్టి చెరిపేసుకోవడమూ తేలికైంది. అయితే అక్కడ డ్రెడ్ కళ్లు పోతాయి, గుడ్డివాడై కూడా ఆగకుండా నడుస్తాడు. తిరిగొచ్చాక పెట్టించుకున్న కృత్రిమ కళ్లు ఆ తర్వాతి కథలన్నింటిలోనూ అవే.

పై నాలుగింటికీ మిగిల్చిన డబ్బుతో ‘ది పిట్’ (1995-96) కొనండి. ప్రపంచం అంతమైపోవడాలు ఉండవు. ఒక పాడుపడ్డ సెక్టార్‌కు చీఫ్‌గా వేస్తే, లంచగొండి జడ్జీలతో డ్రెడ్ పడే తంటాలు, అంతే కథ.