ఫర్నెస్ రిపేరు, స్పేర్ పార్టుల పెట్టె

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇల్లు వెచ్చగా ఉంచే మీ ఫర్నెస్ పాతబడిందని, అది ఆగినప్పుడల్లా మెకానిక్ కోసం ఎదురుచూడటం టెన్షన్‌గా ఉందని రాశావు. నువ్వే బాగుచేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు, కాకపోతే అన్నీ కాదు. మీది గ్యాస్‌తో నడుస్తూ వేడి గాలిని గదుల్లోకి పంపే రకం కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ముందు ముట్టుకోకూడనివి చెప్తాను. గ్యాస్ పైపు, గ్యాస్ వాల్వు, హీట్ ఎక్స్‌చేంజర్ (పొగని గదుల గాలిలో కలవనివ్వకుండా మంట వేడిని మాత్రం ఆ గాలికి అందించే లోహపు భాగం), ఈ మూడూ లైసెన్సున్నవాళ్ళ పని. మీరుండే చోట రూల్సు ఇంకా గట్టిగా ఉండొచ్చు, ఒకసారి కనుక్కో. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకు, ఆపకు. అందరినీ తీసుకుని బయటికి వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చెయ్యి. సరిగ్గా కాలని మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు, కాబట్టి పడగ్గదుల దగ్గర దాని డిటెక్టర్ ఉండి తీరాలి. ఆ డిటెక్టర్‌కీ గడువు ఉంటుంది. వెనకాల తేదీ చూడు, మోడల్‌ని బట్టి 5 నుంచి 10 ఏళ్ళకి మార్చేయాలి.

ఇక పని నేర్చుకోవడం. ఫర్నెస్ బాగా నడుస్తున్న రోజునే దాని ముందు కూర్చుని ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చూడు. గోడ మీద గది వేడిని చూసుకునే థర్మోస్టాట్ వేడి కావాలని అడగ్గానే ముందు చిన్న ఫ్యాను తిరుగుతుంది, దాన్ని ఇండ్యూసర్ అంటారు. పొగని బయటికి లాగే పని దానిది. లాగుడు సరిగ్గా ఉందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకున్నాక, మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. తర్వాత గ్యాస్ వాల్వు టిక్కుమని తెరుచుకుని మంట అంటుకుంటుంది. మంట నిజంగా ఉందని ఫ్లేమ్ సెన్సర్ అనే కడ్డీ, ఇదంతా నడిపించే కంట్రోల్ బోర్డుకి చెప్పాలి. కాసేపటికి పెద్ద బ్లోయర్ తిరిగి వేడి గాలి వస్తుంది. ఈ వరస నీకు నోటికి వస్తే చాలు, ఆగిపోయిన రోజున ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తే దోషం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. వరస తెలియకుండా వరసగా పార్టులు మార్చేవాళ్ళని చాలామందిని చూశాను. డబ్బులు పోతాయి, ఫర్నెస్ మాత్రం చల్లగానే ఉంటుంది.

బోర్డు మీద ఒక చిన్న లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టు, దాని అర్థం మామూలుగా తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉంటుంది. కరెంటు ఆపితే కొన్ని బోర్డులు ఆ కోడ్‌ని మరిచిపోతాయి కాబట్టి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి ముందు లైటు చూసి, ఆ తర్వాతే స్విచ్ ఆపు.

ఎక్కువగా వచ్చే తంటా ఫ్లేమ్ సెన్సర్‌ది. మంట అంటుకుంటుంది, మూడు నాలుగు సెకన్లలో ఆరిపోతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది, కొన్నిసార్లయ్యాక అలిగినట్టు ఆగిపోతుంది. మంట గుండా మైక్రోఆంపుల్లో కొలిచేంత చిన్న కరెంటు పారాలి. సెన్సర్ కడ్డీ మీద పొర పేరుకుంటే అది పారదు. కరెంటు ఆపి, ఒక్క స్క్రూ తీసి, కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి బిగించు. గరుకు ఉప్పుకాగితం వాడకు, గీతలు పడితే పొర ఇంకా తొందరగా పడుతుంది. ఇంత చిన్న పనికి మెకానిక్‌ని పిలవడం నాకు ఇప్పటికీ మనసొప్పదు.

ఇగ్నైటర్ అసలు ఎర్రబడకపోతే దానికి కరెంటు వస్తోందో లేదో మల్టీమీటర్‌తో చూడాలి. కరెంటు వస్తున్నా వెలగకపోతే అది పోయినట్టే. సిలికాన్ కార్బైడ్ రకమైతే గుడ్డు పెంకులా ఉంటుంది, పింగాణీ భాగమే పట్టుకోవాలి, ఎర్రగా కాలే భాగానికి వేళ్ళు తగలకూడదు. సిలికాన్ నైట్రైడ్ రకం కాస్త గట్టిది.

బ్లోయర్ తిరుగుతున్నా మంట మధ్యలో ఆరిపోతుంటే ముందు ఫిల్టర్ చూడు. గాలి ఆడక లోపల వేడెక్కి లిమిట్ స్విచ్ ఆపేస్తుంది. మరీ దట్టమైన ఫిల్టర్ వేసినా ఇదే గోల. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తు ఫర్నెస్ వైపు ఉండాలి. పొగ గొట్టం తెల్ల ప్లాస్టిక్‌ది అయితే లోపల నీళ్ళు కూడా తయారవుతాయి. ఆ నీళ్ళు పోయే ట్రాప్‌లో మురికి పేరుకున్నా, బయట గొట్టం మూతి మంచుతోనో ఆకులతోనో మూసుకుపోయినా ప్రెషర్ స్విచ్ కోడ్ వస్తుంది. అక్కడ తప్పు స్విచ్‌ది కాదు. దాని రెండు వైర్లూ కలిపేసి నడిపించమని ఎవరైనా చెప్తే వినకు. మంట ముందుకు ఎగదన్నినప్పుడు పడే రోల్‌అవుట్ స్విచ్‌ని కూడా బటన్ నొక్కి మళ్ళీ మళ్ళీ వేయకు. అది పడిందంటే పొగ దారి మూసుకుపోయి ఉండొచ్చు, హీట్ ఎక్స్‌చేంజర్ పగిలి ఉండొచ్చు. మంట నీలంగా కాకుండా పసుపుపచ్చగా ఊగుతున్నా అంతే, ఆపేసి మనిషిని పిలువు.

ఏ పార్టు విప్పినా కరెంటు ఆపాకే విప్పు, వైర్లు తీసేముందు ఫోటో తీసుకో. బ్లోయర్ మోటారుకి కెపాసిటర్ (కరెంటు ఛార్జిని దాచుకునే డబ్బా) ఉంటే అది కరెంటు ఆపాక కూడా షాక్ కొట్టగలదు. ఛార్జి దింపి, లేదని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

ఇక స్పేర్ల సంగతి. ఫర్నెస్ ఆగేది చలి ఎక్కువున్న రోజునే, ఎందుకంటే ఆ రోజే అది తెరిపి లేకుండా నడుస్తుంది. అప్పుడు పార్టు దొరకడమే కష్టం. అందుకని ఎండాకాలంలోనే ఒక పెట్టె సిద్ధం చేసుకో. ఇగ్నైటర్, ఫ్లేమ్ సెన్సర్, రెండు మూడు ఫిల్టర్లు, థర్మోస్టాట్ బ్యాటరీలు, బోర్డు మీద ఉండే, కార్లలో వాడే రకం ఫ్యూజులు. ఫ్యూజు మామూలుగా 3 లేదా 5 ఆంపులు ఉంటుంది, ఉన్నదాని కన్నా పెద్దది మాత్రం ఎప్పుడూ వేయకు. కెపాసిటర్ కొంటే దాని మీద రాసిన మైక్రోఫారడ్లు (ఎంత ఛార్జి పట్టగలదో చెప్పే కొలత) అచ్చంగా పాతదానివే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. ప్రెషర్ స్విచ్‌కి దగ్గరి నంబరుది అంటూ ఏదీ లేదు, మీ మోడల్‌కి రాసిపెట్టినదే కావాలి.

కొన్న పార్టుని అలాగే అటక మీద పెట్టేయకు. కొత్తదే పాడై వస్తే ఆ సంగతి చలిలో తెలుస్తుంది, అప్పటికి వెనక్కి ఇచ్చే గడువు దాటిపోతుంది. అందుకే సెన్సర్, కెపాసిటర్ లాంటివి కొత్తవి బిగించి, పనిచేస్తున్న పాతవాటినే స్పేర్‌గా దాచుకోవడం నా పద్ధతి. ఒక్క ఇగ్నైటర్‌కి ఇది పనికిరాదు, విప్పడంలోనే విరిగిపోవచ్చు. దాన్ని పెట్టెలోనే ఉంచి మీటర్‌తో ఓమ్‌లు (కరెంటుకి అది పెట్టే అడ్డు ఎంతో) చూసి, వచ్చిన అంకెని అట్టపెట్టె మీద రాసిపెట్టు.

ఇండ్యూసర్ మోటారు, కంట్రోల్ బోర్డు ఖరీదైనవి. ఈ రెండింటిలో ఒకటే కొనగలిగితే ఇండ్యూసర్ కొంటాను, తిరిగే వస్తువు కాబట్టి అరుగుతుంది. కీచుమనడం మొదలుపెడితే ఇక ఆలస్యం చేయకు, దాని గాస్కెట్ (సందుల్లోంచి పొగ కారకుండా వేసే పట్టీ) కూడా కలిపి తెప్పించు. అయితే ఇంత డబ్బు పెట్టేముందు మెకానిక్ చేత హీట్ ఎక్స్‌చేంజర్ చూపించు. అది పగిలి ఉంటే ఈ స్పేర్లన్నీ దండగ, ఫర్నెసే మార్చుకోవాలి.

తలుపు లోపల ఉన్న రేకు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. వాటితో పాటు వైరింగ్ బొమ్మ కూడా స్పష్టంగా ఫోటో తీసి పంపు. పాత పార్టు నంబర్ల బదులు కొత్తవి ఏవి వచ్చాయో చూసి, నీకు కావలసినవి రాసి పంపిస్తాను.

ఇట్లు,
పెదనాన్న